కుప్పమ్మ సాక్ష్యానికి సారాంశం

మా చెల్లెలి కూతురు ఈమధ్యే కోర్టులో స్టెనోగా చేరింది. చేరిన వారానికే మిఠాయి పొట్లం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పొట్లం నేనింకా విప్పనైనా లేదు, ప్రశ్న వేసేసింది.

"పెద్దమ్మా, సారాంశం అంటారు, సంగ్రహం అంటారు, సంక్షిప్తం, క్లుప్తం, టూకీ, ముక్తసరి అంటారు. ఇన్ని మాటలెందుకు? అన్నీ ఒకటే గదా. ఏదో ఒకటి రాసి పారేస్తే పోలా?"

"పోదమ్మా," అన్నాను. "నువ్వు రాసి పారేసేది ఇంకొకరి బతుకు."

కాస్త గట్టిగానే అన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది. మిఠాయి తెచ్చినదాన్ని అట్లా కసిరినందుకు నాకే సిగ్గేసింది. అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను. దానికొక్కదానికే కాదు, కొత్తగా కోర్టుల్లో చేరే పిల్లలందరికీ. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎక్కడికి బదిలీ చేశారు అనే గోల ఇందులో ఉండదు. అవన్నీ నా పెన్షన్ కాగితాల్లో ఉన్నాయి, అక్కడే ఉండనీ. నాకు పని నేర్పిన మనుషులు కొందరున్నారు, వాళ్ల గురించి రాస్తాను. ఏ ఊరి కోర్టు, ఏ జడ్జిగారు అని మాత్రం అడగొద్దు. చెప్పను.

మన పని ఏమిటంటే

సినిమాల్లో కోర్టు చూసి చాలామంది ఏదేదో అనుకుంటారు. అక్కడ సాక్షి మాట్లాడితే అయిపోతుంది. మన కోర్టులో సాక్షి మాట్లాడాకే అసలు పని మొదలవుతుంది. సాక్షి బోనెక్కి తన యాసలో, తన వరసలో, తన కోపంతో సహా చెప్పుకుంటూ పోతాడు. జడ్జిగారు అంతా విని, కేసుకు పనికొచ్చేదేదో ఏరి, దాన్ని ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాలుగా చెబుతారు. పక్కన కూర్చున్న స్టెనో దాన్ని టైపు చేస్తుంది. చివరికి అది సాక్షికి తెలుగులో చదివి వినిపించి సంతకం పెట్టించాలి. పై కోర్టుకు పోయేది ఆ కాగితమే. సాక్షి గొంతు పోదు, చేతులు తిప్పడం పోదు, కళ్లనీళ్లు పోవు.

నేను చేరిన కొత్తలో మా ఐరాల వైపు రైతు ఒకాయన సాక్ష్యానికి వచ్చాడు. "మీరేం చేస్తుంటారు?" అని జడ్జిగారు అడిగారు.

"ఏం జేస్తాం సామీ, బోరు ఎండిపాయ. మామిడి పిందె గాలికి రాలిపాయ. ఆవులు రెండుండాయి, పాలు పోస్తే గడ్డికే సరిపోతాండాయి. సిన్నోడు సదువుకోరా అంటే వినడు..."

అట్లా ఆయన ఇంటి గుట్టంతా విప్పాడు. నేను నోరు తెరిచి వింటున్నాను. జడ్జిగారు నా వైపు తిరిగి ఒకే వాక్యం చెప్పారు: "నేను వ్యవసాయదారుడిని."

నాకు నవ్వాగలేదు. ఇంటికెళ్లి మా నాయనకు చెబితే ఆయన నవ్వలేదు. "ఆయప్ప సెప్పింది అదే గదా, సరిగ్గానే రాసినారు," అన్నాడు. తర్వాత మళ్లీ, "అయినా పాపం, పిందె రాలిపోయింది రాసుంటే బాగుండు," అన్నాడు. మా నాయనా మామిడి రైతే మరి.

ముక్తసరి సారు, సమస్తం సారు

నేను చాలామంది జడ్జిల దగ్గర పనిచేశాను. వాళ్లలో ఇద్దరి గురించి చెబితే మీకు చాలు.

ఒకాయన ఉండేవారు, సాక్షి నోటి నుంచి 'అవును', 'కాదు' తప్ప మూడో మాట రానిచ్చేవారు కాదు. మేము చాటుగా ముక్తసరి సారు అనుకునేవాళ్లం. ఒకసారి పొలం తగాదాలో ఒకతన్ని, "ఆ పొలం మీదేనా?" అని అడిగారు. "మాదే సార్, అయితే గిన..." అని అతను నోరు తెరిచాడు. "మాదే. చాలు, దిగు," అన్నారు. ఆ 'అయితే గిన' వెనకాల ఏముందంటే, ఆ పొలాన్ని అతను ఎప్పుడో అన్నకు రాసిచ్చేశాడు! ఆ సంగతి బయటపడేసరికి ఈయన బదిలీ అయిపోయారు. కేసు మళ్లీ మొదటికొచ్చింది. ఆ రోజు ఆ మనిషిని ఇంకొక్క నిమిషం మాట్లాడనిచ్చి ఉంటే అందరి ప్రాణాలూ సుఖాన ఉండేవి. పని తగ్గించుకుందామని కుదిస్తే పని పెరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇంకొకాయన, మా సమస్తం సారు, దీనికి పూర్తిగా ఎదురు. సాక్షి దగ్గితే 'సాక్షి దగ్గెను' అని కూడా టైపు చేయించేవారు. నా వేళ్లు వాచిపోయేవి. ఒక్కో సాక్ష్యం పెండ్లి భోజనాల జాబితా అంత పొడుగుండేది. పాపం, మంచాయనే, ఏ ఒక్కరి మాటా పోకూడదని ఆయన తాపత్రయం. తీరా తీర్పు రాసే రోజు వచ్చేసరికి ఆ కాగితాల్లో తనకు కావలసింది తనకే దొరికేది కాదు. "రాజేశ్వరమ్మా, ఆ కొడవలి సంగతి ఎక్కడ చెప్పాడమ్మా?" అని నన్నడిగేవారు. నాకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?

కాబట్టి కుదించడం తప్పనుకోకండి. కుదించకపోతే కోర్టు నడవదు. నేను ఆ మాటల్ని ఎట్లా విడదీసుకున్నానో చెబుతాను, నిఘంటువుతో సరిపోలకపోతే నాతో పోట్లాడకండి. టూకీ అంటే చెప్పేవాడు తనకై తాను తగ్గించి చెప్పేది, అది వాడి హక్కు. ముక్తసరి అంటే వినేవాడికి ఓపిక లేక తెగ్గొట్టేది. సంగ్రహమంటే కావలసినవి ఏరి పెట్టుకోవడం, ఏరే చేతిని బట్టి ఉంటుంది దాని మంచిచెడ్డా. సారాంశమంటే మాత్రం, మాట తగ్గినా మనిషి చెప్పదలచుకున్నది మిగలాలి. ఇందులో కష్టమైనది ఈ చివరిదే, మనకు జీతమిచ్చేది కూడా దీనికే.

నేను చేరినప్పుడు మా శిరస్తదారు, అంటే కోర్టు ఆఫీసుకు పెద్ద, వెంకటాద్రి గారని ఉండేవారు. నోరు మహా కరుకు. ప్రతి సాక్ష్యం కింద 'చదివి వినిపించగా సరియని ఒప్పుకొనెను' అని ఒక వాక్యం ఉంటుంది. మేము దాన్ని ముందే టైపు చేసి పెట్టుకునేవాళ్లం. చదవడం, వినిపించడం ఏమీ ఉండేది కాదు, "ఇక్కడ సంతకం పెట్టప్పా, పో," అంతే. ఒకరోజు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడి చూశారు.

"సదివినావా?"

"లేదండీ, టైము..."

"సదవకుండా సదివినానని కొడితివే! సాక్షి అబద్ధం సెప్తే జైలంటాం గదా, ఈ కాయితంలో మొట్టమొదటి అబద్ధం మనదే అయితే ఎట్లమ్మా?"

ఆయనకు భయపడే చదవడం మొదలుపెట్టాను, గొప్ప నీతి ఉండి కాదు. తర్వాత అలవాటైంది. ఆ అలవాటు లేకపోయుంటే ఏమై ఉండేదో ఇప్పుడు చెబుతాను.

తగలబడిన షెడ్డు

నగరి వైపు ఒక మరమగ్గాల వీధి. అక్కడొక షెడ్డులో మునిరత్నం అనే అతను కూలికి నేసేవాడు. ఒకరోజు పొద్దున గుడ్డలో పోగులు పోయాయని యజమాని తిట్టి, రేపటి నుంచి పనికి రావద్దన్నాడు. వీడికి రోషం వచ్చి, "నీ మగ్గాలు తగలబడిపోనూ!" అని అరిచి బయటికి వచ్చాడు. సాయంత్రానికి షెడ్డు నిజంగానే తగలబడింది. యజమాని కేసు పెట్టాడు. నూలు, బట్ట దాచిన షెడ్డుకు నిప్పు పెట్టడమంటే చిన్న నేరం కాదు, రుజువైతే ఏళ్లకేళ్లు జైలు. జామీను ఇచ్చే దిక్కు లేక అప్పటికే అతను లోపలే ఉన్నాడు.

అతని పెండ్లాం సెల్వి. ప్రతి వాయిదాకూ చంకలో బిడ్డతో వచ్చి వరండా బల్ల మీద కూర్చునేది. నేను ఆ దారిన పోతే లేచి నిలబడి అడిగేది, "ఈపొద్దు ఇడిచిపెడతారామ్మా?" అని. స్టెనోకేం తెలుస్తుంది? "వాయిదా పడిందమ్మా," అనేదాన్ని. ఆమె తల ఊపి బిడ్డను సర్దుకుని బస్సుకు పోయేది. ఇంటికెళ్లాక కూడా ఆ తల ఊపడం నా కళ్లముందే ఉండేది.

మునిరత్నానికి లాయరును కోర్టే ఇచ్చింది. కుర్రాయన, కొత్త. ముద్దాయితో ఆయన మాట్లాడిందంతా వరండాలో పోలీసుల పక్కన నిలబడి మాట్లాడిందే. ఏదీ ఒప్పుకోకూడదనే పాఠం ఆయనకు బాగా వంటబట్టింది. "బీగం జోలికే పోలేదని చెప్పు. అసలు ఆ వీధిలోనే లేనని చెప్పు," అని మునిరత్నానికి నూరిపోశాడు. మా వైపు తాళాన్ని బీగం అంటాం.

అప్పటి మా జడ్జిగారు గోదావరి వైపు ఆయన. మంచివారు, చురుకైనవారు. పాత కేసులు పేరుకుపోయి ఉన్నాయని ఆయనకు తొందర. యజమాని సాక్ష్యం అయిపోయింది. రెండో సాక్షి కుప్పమ్మ, ఆ వీధిలోనే సొంతంగా మగ్గాలు ఆడించుకునే ఆమె. పోలీసుల తరఫు సాక్షే.

"పొద్దున లేసి నూలు కండెలు సుట్టుకుంటా ఉంటి సార్," అని మొదలుపెట్టింది.

"అవన్నీ వద్దమ్మా. ముద్దాయికీ యజమానికీ గొడవైందా?" అన్నాడు ప్రభుత్వ లాయరు.

"అయింది. ముందు కరెంటు సంగతి..."

"అడిగినదానికే చెప్పు. సాయంత్రం ముద్దాయిని షెడ్డు దగ్గర చూసినావా?"

"సూసినాను. కరెంటు..."

తగలబడిపోనూ అన్నాడా, ఎక్కడ కూర్చున్నాడు, మంటలు చూశావా అని ఇట్లాగే తుంచి తుంచి అడిగి, చివరికి, "బీగం ఎవరు పగలగొట్టారు?" అన్నాడు.

"మునిరత్నమే సార్. అయితే..."

"అంతే సార్," అని కూర్చున్నాడు ఆయన.

తర్వాత మన కుర్ర లాయరు లేచాడు. లేచి ఏమన్నాడనుకున్నారు? "నువ్వు ఆరోజు ముద్దాయిని చూడనే లేదు. యజమాని చెప్పమన్నట్టు అబద్ధం చెబుతున్నావు," అన్నాడు. ఇది మన కోర్టుల్లో తాంబూలం లాంటిది, ఎదుటి పక్షం సాక్షి ఎవరైనా సరే చివర్లో ఇది పెట్టాల్సిందే.

కుప్పమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నేనా అబద్ధం సెప్పేది? పద కాణిపాకం! తలమీద నీళ్లు పోసుకొని దేవుని ముందర ప్రమాణం జేస్తా. నువ్వూ జేస్తావా?"

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు కూడా నవ్వాపుకుని నాకు చెప్పారు: "నేను అబద్ధం చెబుతున్నానన్నది నిజం కాదు." బంట్రోతు అప్పుడే తర్వాతి కేసు పేరు పిలుస్తున్నాడు.

"పెట్టను"

కుప్పమ్మ బోను దిగి నా బల్ల దగ్గరికి వచ్చింది. నేను చదివి వినిపించాను.

'నేను నేతపని చేస్తాను. ముద్దాయి నాకు తెలుసు. ఆ రోజు ఉదయం ముద్దాయి, యజమాని గొడవపడ్డారు. మగ్గాలు తగలబడిపోవాలని ముద్దాయి అన్నాడు. సాయంత్రం ముద్దాయి షెడ్డుకు ఎదురుగా కూర్చుని ఉండగా చూశాను. ముద్దాయి రాయితో తాళం పగలగొట్టి లోపలికి పోయాడు. షెడ్డులో మంటలు చూశాను. నేను అబద్ధం చెబుతున్నానన్నది నిజం కాదు.'

"అంతా నిజమేనమ్మా," అంది కుప్పమ్మ. "ఒక్క మాటా అబద్ధం లేదు."

"అయితే ఇక్కడ సంతకం పెట్టు."

"పెట్టను."

"అదేమమ్మా, అంతా నిజమే అంటివి గదా?"

"నిజమే. అయితే కరెంటు పోయిన సంగతి యాడుండాది దీంట్లో? బిడ్డ సంగతి యాడుండాది? అయ్యి లేకుండా సదివితే ఆయప్పే అగ్గి పెట్టినట్టుండాది గదమ్మా! నేనట్ల సెప్పలే."

అంతసేపూ ఆమె కరెంటు, కరెంటు అని నోరు తెరుస్తుంటే నేనూ విన్నాను. సాగదీస్తోంది లెమ్మనుకున్నాను, అందరూ అనుకున్నట్టే. లేచి నిలబడ్డాను. "సార్, సాక్షి సంతకం పెట్టనంటోంది," అన్నాను. స్టెనో అంతకు మించి మాట్లాడకూడదు. ప్రభుత్వ లాయరు వెంటనే, "ముద్దాయి వైపు వాళ్లు లాగేసుకున్నట్టున్నారు సార్," అన్నాడు.

చట్టం ప్రకారం జడ్జిగారికి రెండు దారులున్నాయి. సాక్ష్యం దిద్దించవచ్చు. లేదంటే, 'సాక్షి అభ్యంతరం చెప్పింది' అని కింద ఒక ముక్క రాయించి ముందుకు పోవచ్చు. రెండోది సుళువు. భోజనాల వేళ దాటుతోంది. ఆయన గడియారం వైపు చూడటం నేను చూశాను. 'సామీ, ఆ ముక్క చెప్పొద్దు,' అని లోపల్లోపల మొక్కుకున్నాను. బయట వరండా బల్ల మీద సెల్వి కూర్చుని ఉంది.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఆవిణ్ణి మళ్లీ ఎక్కమనండి. ఏవమ్మా, మొదట్నుంచి చెప్పండి."

"మజ్జెలో ఆపకూడదు సార్."

"ఆపను. చెప్పండి."

ఆ రోజు కుప్పమ్మ చెప్పింది చెప్పినట్టు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"పొద్దున గొడవైంది నిజం. మగ్గాలు తగలబడిపోనూ అనింది నిజం. మా వీధిలో ఆ మాట అననోళ్లు ఎవురు సార్? పోగు తెగితే అంటాం, మోటారు ఆగితే అంటాం. నా మగ్గాలను నేనే దినామూ అంటా. ఆమైన సాయంత్రం కరెంటు పాయ. మా వీధిలో కరెంటు పోతే ఎట్లుంటాదో మీకు తెలీదు సార్. పొద్దస్తమానం టకటకా మోత, పక్క మనిషి మాట ఇనపడదు. కరెంటు పాయిందంటే ఒక్కసారిగా గమ్మునైపోతాది. అందరం బయటికొచ్చి ఇంటి ముందర తిన్నెల మీద కూర్చుంటాం. మాకు మాటా మంచీ ఆ యాలే. మునిరత్నం కూడా బిడ్డను ఒళ్లో ఏసుకొని కూర్చోనుండె. షెడ్డుకెదురుగా అంటారా, ఆయప్ప ఇల్లు ఆడే సార్! వాళ్లింటి తిన్నె మీద వాళ్లు కూర్చోకూడదా?"

జడ్జిగారు ఆపలేదు.

"షెడ్డు ఓనరు తిరపతిలో పెండ్లి ఉండాదని బీగమేసుకొని పాయ. కరెంటు లేదు గదా, మగ్గాలు నిలబడుండె. స్విచ్చి ఆపినాడో లేదో ఆయప్ప సూసుకోలే. రోంత సేపటికి కరెంటొచ్చె. అందరం లేసి ఎవురి మగ్గాల కాడికి వాళ్లు పరిగెత్తినాం. నేను మా గడపలోనే నిలబడిపోయినా సార్. ఎందుకంటే, బీగమేసిన షెడ్డులో మగ్గం ఆడతా ఉండాది."

జడ్జిగారు కుర్చీలో ముందుకు జరిగారు.

"లోపల మనిషి లేడు. పోగు తెగినా ఆపేటోళ్లు లేరు, కండె అయిపోయినా ఆపేటోళ్లు లేరు. ఆడతానే ఉండాది. ఆమైన మోటారు కాలిన వాసన, కిటికీలో పొగ. మునిరత్నం గబుక్కున వచ్చి, 'కుప్పక్కా, పట్టుకో' అని బిడ్డను నా సేతిలో పెట్టినాడు. రాయి తీసుకొని బీగం పగలగొట్టినాడు. మెయిను స్విచ్చి ఆపేదానికి లోపలికి దూరినాడు. నూలు మూటలు అంటుకునేసినాయి. సెయ్యి కాల్చుకొని బయటపడినాడు సార్. అగ్గి పెట్టేటోడు బిడ్డను ఎత్తుకొని వస్తాడా?"

ఆ చెయ్యి కాలిన సంగతి ప్రాసిక్యూషన్ వారి కాగితాల్లో ఉంది. నిప్పు పెట్టేటప్పుడు కాలిందని రాసి ఉంది.

"ఇదంతా పోలీసులకు చెప్పలేదా అమ్మా?" అని జడ్జిగారు అడిగారు.

"సెప్పినా సార్. ఆ పోలీసాయనకూ తొందరే. బీగం ఎవురు పగలగొట్టినారన్నాడు. మునిరత్నమంటి. సాల్లే పో అన్నాడు."

కుర్ర లాయరు మొహం చూడాలి ఆ రోజు. తన కక్షిదారుణ్ణి కాపాడగలిగిన ఒకే ఒక్క మనిషిని అప్పుడే తాను అబద్ధాలకోరు అని ఉన్నాడు. జడ్జిగారు ఆయన్ను ఏమీ అనలేదు. "ముద్దాయితో ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఈసారి ఆయన్ను చెప్పనివ్వండి," అన్నారంతే. ఆ మాట నిజానికి ఆయనకొక్కడికే చెప్పింది కాదు. ఆ కుర్రాయన ఇప్పుడు తిరుపతిలో మంచి పేరున్న లాయరు, సాక్షి నోరు తెరిస్తే మధ్యలో ఆపడని అందరూ చెప్పుకుంటారు.

సాక్ష్యం మొదటి నుంచి మళ్లీ టైపు చేశాను. ఈసారి చదివి వినిపిస్తే కుప్పమ్మ కళ్లు మూసుకుని విని, "ఆ, ఇదీ నేను సెప్పింది," అని సంతకం పెట్టింది. భోజనం అయ్యేసరికి మధ్యాహ్నం చాలా గడిచింది. అంత ఆకలిలోనూ నాకు మనసు దూదిపింజలా ఉంది.

సాయంత్రం చాంబరులో జడ్జిగారు నన్నడిగారు. "మొదట నేను చెప్పినదాంట్లో తప్పు వాక్యం ఒక్కటైనా ఉందా మేడం?"

"లేదు సార్."

"అదేనండీ నాకు భయంగా ఉంది."

మరునాటి నుంచి ఆయన పద్ధతి మారింది. ప్రతి సాక్షినీ మొదట ఒకసారి ఆపకుండా చెప్పనిచ్చేవారు, నన్ను టైపు చేయొద్దనేవారు. అంతా విన్నాకే కుదించేవారు. కేసులు ఆలస్యమవుతాయని అందరూ గొణిగారు. ఏమీ కాలేదు, అంతకు ముందు మళ్లీ మళ్లీ పిలవాల్సి వచ్చే సాక్షులు తగ్గారు.

కాబట్టి పిల్లలూ, నా మాట వినండి. ఒక్కో వాక్యం నిజమా కాదా అని చూసుకుని సంబరపడకండి. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత, ఏది ఎందుకు జరిగింది అన్నది మిగిలిందా లేదా చూడండి. సాక్షి ఒకే మాటను మళ్లీ మళ్లీ ఎత్తుకుంటుంటే అది సాగదీయడం కాదు, మీరు దాన్ని ఇంకా వినలేదని అర్థం. ఇప్పుడు ఫోనుకు చెబితే అదే సారాంశం రాసిస్తోందని మా పిల్ల చూపించింది. బాగానే ఉంది, రాయనీ. ఎవరు రాసినా, రాసింది చెప్పినవాళ్లకు చదివి వినిపించండి. వాళ్లకు 'పెట్టను' అనే వీలుండాలి.

విడుదల

ఆ తర్వాత కుర్ర లాయరు కరెంటు ఆఫీసు లైన్‌మన్‌ను సాక్షిగా పిలిపించాడు. ఆ సాయంత్రం ఆ వీధికి కరెంటు పోయిందనీ, తిరిగి వచ్చిందనీ అతను చెప్పాడు. ఆఖరికి యజమాని కూడా, స్విచ్చి ఆపినట్టు తనకు గుర్తు లేదని ఒప్పుకున్నాడు. పాపం, ఆయనకు మాత్రం మగ్గాలు పోలేదా? ఎవరో ఒకరి మీద కోపం పెట్టుకుంటే తప్ప ఆ నష్టం ఓర్చుకోలేకపోయాడు.

తీర్పు రోజున జడ్జిగారు తీర్పంతా చదవలేదు, చివరి భాగం మాత్రం ఇంగ్లీషులో చదివారు. నేరం రుజువు కాలేదు, ముద్దాయిని విడుదల చేయాలి. మునిరత్నానికి అర్థం కాలేదు. పక్కనున్న కానిస్టేబుల్ భుజం తట్టి చెబితే, కాలిన చెయ్యీ మంచి చెయ్యీ కలిపి దండం పెట్టి అట్లాగే నిలబడిపోయాడు. వేరే కేసేమీ లేదు కాబట్టి జైలుకు తీసుకుపోయి, అక్కడి పని ముగించి సాయంత్రం వదిలేస్తారు. విడుదల ఉత్తర్వు నేను టైపు చేసి ఇచ్చేదాకా వ్యాను కదలదు. నా సర్వీసులో అంత గబగబా నేను ఏ కాగితమూ కొట్టలేదు.

కాగితం వ్యాను ఎక్కించి వరండాలోకి వచ్చాను. సెల్వి లేచి నిలబడి ఉంది. జనం నవ్వుతున్నారు, తన మొగుణ్ణి మళ్లీ వ్యాను ఎక్కించారు, ఏది నమ్మాలో ఆమెకు తెలియడం లేదు. ఎప్పుడూ అడిగే మాట కూడా అడగలేకపోయింది. నా మొహంలోకి చూస్తోంది.

"ఇంటికి పొమ్మన్నారమ్మా," అన్నాను. "సాయంత్రం జైలు గేటు దగ్గరికి పో. వచ్చేస్తాడు."

"ఇంగ వాయిదా లేదా?"

"లేదు."

ఆమె బల్ల మీద కూలబడి ఏడ్చింది. బిడ్డ బెదిరి తల్లి మొహం తడమసాగింది. నాకూ ఆగలేదు, చెంగుతో కళ్లు తుడుచుకున్నాను. హమ్మయ్య, హమ్మయ్య అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఏడుపు తగ్గాక ఆమె ముక్కు తుడుచుకుని అడిగింది.

"ఇంటికి పొమ్మనింది సరేమ్మా. జడ్జిగారు అంత పుస్తకం రాసినారంట గదా. మా ఆయన గురించి ఏం రాసినారు దాంట్లో? మొత్తం సెప్పండి."

లోపల నాకు పని ఉంది. టూకీగా చెప్పి పోవచ్చు. కానీ ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఆ తీర్పు నేనే టైపు చేశాను కాబట్టి వాక్యం వాక్యం నాకు గుర్తుంది. పొద్దున గొడవ దగ్గర మొదలుపెట్టి, ఏదీ వదలకుండా, ఏదీ తగ్గించకుండా తెలుగులో చెప్పుకుంటూ పోయాను. కరెంటు పోవడం, వీధి గమ్మునైపోవడం, తిన్నె, బీగమేసిన షెడ్డులో మగ్గం చప్పుడు. ఆమె కదలకుండా వింటోంది. పొగ కనబడగానే ముద్దాయి తన బిడ్డను పక్కింటామె చేతిలో పెట్టి, ఉదయం తనను పనిలోంచి తీసేసిన యజమాని మగ్గాలను కాపాడటానికి మంటల్లోకి వెళ్లాడని జడ్జిగారు రాశారు. ఆ మాట చెప్పగానే సెల్వి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ ముక్క ఇంగోసారి సెప్పండమ్మా," అంది.

చెప్పాను.